బేరమాడని బోణీ

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఎవర్ని కదిలించినా ఆన్‌లైన్ మాటే. ఫోన్లలో నెట్ కొత్తగా చవకైంది. మా వీధి చివర పచ్చళ్ళ ఆవిడ గోంగూర పచ్చడి హైదరాబాదు పంపిస్తోందని, సత్తెనపల్లి రోడ్డులో ఎవరో కుర్రాడు పాత నాణేలు అమ్మి బండి కొన్నాడని రోజుకో కబురు వచ్చేది. (ఆ కుర్రాణ్ణి చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. బండిని చూసినవాళ్ళు ఇద్దరున్నారు.) అప్పుడే డిగ్రీ ముగించి, నరసరావుపేటలో మా ఇంటి అరుగు మీద నాయనమ్మ పక్కన కూర్చుని పూసల దండలు గుచ్చుకుంటున్న నాకు, దేశంలోని ఆడవాళ్ళందరూ నా దండల కోసమే మెడలు బోసిగా పెట్టుకుని ఎదురుచూస్తున్నారన్న నమ్మకం కుదిరింది. ఎదురుచూసేవాళ్ళున్నారు సరే, వాళ్ళకి ఎక్కడ అమ్మాలన్నదే తేలలేదు. ఆ ఒక్క ప్రశ్న మీద నేను బుర్ర బద్దలు కొట్టుకున్నంతగా ఆ తరవాత పెళ్ళి విషయంలో కూడా కొట్టుకోలేదు.

పూసల పని నాకు నాయనమ్మ నేర్పింది. వయసులో ఉన్నప్పుడు ఆవిడ నెత్తిన గంప పెట్టుకుని శావల్యాపురం వైపు పల్లెలన్నీ తిరిగి గాజులూ పూసలూ అమ్మింది. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో పట్టా పరుచుకుని కూర్చునేది. మోకాళ్ళు మొరాయించాక తిరగడం మానేసింది గానీ గుచ్చడం మానలేదు. ఆవిడ పూసకీ పూసకీ మధ్య కనపడీ కనపడనంత ముడి వేసేది. దండ తెగినా ఒక్క పూసే రాలుతుంది, మిగతావి ఉన్నచోటే ఉంటాయి. ఆ ముడి నాకు పట్టుబడటానికి రెండేళ్ళు పట్టింది. పట్టుబడిన రోజు నాయనమ్మ నా దండని లాగి, విదిలించి, పంటితో కొరికి చూసి, "ఇంక నేను పోయినా పర్లేదే" అంది. అంత సంతోషం నాకు డిగ్రీ పాసైనప్పుడు కూడా కలగలేదు. (పోతానన్న మనిషి ఆ సాయంత్రమే పావుకేజీ జిలేబీ తెప్పించుకుని ఒక్కతే తినేసింది.)

మా నాన్నకి వినుకొండ రోడ్డులో లారీలు బాగుచేసే షెడ్డు ఉండేది. ఆయన దృష్టిలో పని అంటే చేతులకి గ్రీజు అంటాలి, లేదా ఒకటో తారీఖున జీతం రావాలి. నా పూసల పనిలో ఈ రెండూ లేవు. చిలకలూరిపేటలో ఒక స్పిన్నింగ్ మిల్లు యజమాని తన లారీలన్నీ మా నాన్న దగ్గరే చేయించేవాడు. వాళ్ళ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం ఒకటుందని చెప్పాడట. నాన్న ఆ మాట మోసుకొచ్చి, అన్నం ముందు కూర్చుని తీర్పు చెప్పాడు. "మిరప సీజన్ అయిపోయిందాకా చూస్తా. ఆలోపు బయటోళ్ళు ఒక్కళ్ళు నీ దండ కొన్నారా, సరే. చుట్టాలు కాదు, బయటోళ్ళు. లేదంటే ఆ తర్వాత సోమవారం నుంచి మిల్లు బస్సెక్కు." నిజానికి అది మంచి ఉద్యోగమే. నా క్లాసులో సగం మంది దానికోసం మొక్కుకునేవాళ్ళు. కానీ పొద్దున ఏడింటికి పోయి పొద్దుగూకి వచ్చే మనిషి ఇక పూస పట్టేదెప్పుడు? బస్సెక్కిన రోజే ఆ ముడి నా వేళ్ళు మర్చిపోవడం మొదలుపెడతాయని నాకు తెలుసు.

అందుకని అమ్మే చోటు వెతకడం మొదలైంది. మొదటి సలహాదారు మా బాబాయి. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది కాబట్టి ఇంటర్నెట్టు తన సొంత పొలమైనట్టు మాట్లాడేవాడు. "అమ్మితే పెద్ద సైట్లోనే అమ్మాల. చెప్పులకాడి నుంచి ఫ్రిజ్జులదాకా ఆడే అమ్ముతన్నారు. నీ దండ ఓ లెక్కా?" అన్నాడు. ఆ పెద్ద సైటు వాళ్ళు నా కాగితాలన్నీ అడిగి, చివర్లో ఫోటో వెనకాల మచ్చలేని తెలుపు ఉండాలన్నారు. మా ఇంట్లో నేల నాపరాయి, గోడలు పొగచూరిన నీలం. తెల్లటి గుడ్డ ఒక్కటే ఉంది, నాయనమ్మ నమాజు చున్నీ. దాన్ని అడిగితే, "అల్లా ముందు కప్పుకునే చున్నీ మీద అంగడి పెడతావేందే" అని కసిరింది. చివరికి బాబాయి పిడుగురాళ్ళ నుంచి సున్నం తెప్పించి, వీధి వైపు గోడ మీద మంచం అంత మేర రెండు పూతలు వేశాడు. మర్నాటి నుంచి దారిన పోయేవాళ్ళు ఆగి మరీ అడిగేవాళ్ళు, ఏ పార్టీ గుర్తు రాయిస్తున్నారని. ఒకాయనైతే గోడ ఖాళీగా ఉన్నందుకు నొచ్చుకుని, తనే రాయిస్తానని రంగు డబ్బాతో వచ్చేశాడు. ఆయన్ని పంపించడానికి టీ ఇవ్వాల్సి వచ్చింది.

రెండో సలహా నా స్నేహితురాలిది. అందరూ ఫోటోలు పెట్టుకునే యాప్‌లో ఒక పేజీ తెరవమంది. తెరిచాను. మూడోది మా అమ్మది. వాట్సాప్ స్టేటస్ చాలునని ఆవిడ పట్టు. ఆవిడే పెట్టింది కూడా. సాయంత్రానికల్లా క్రోసూరు పిన్నమ్మ, "ఆ ఎర్రది నాకు పక్కన పెట్టు, ఈసారి వచ్చినప్పుడు తీసుకుపోతా" అని మెసేజ్ పెట్టింది. ఆవిడ తీసుకుపోవడం అంటే తీసుకుపోవడమే, అందులో కొనడం ఉండదు. ఇలా మూడు చోట్లా కొట్లు తెరిచి, పొద్దున లేవగానే మూడింటినీ ఒకదాని తరవాత ఒకటి ఫోన్‌లో తెరిచి చూసుకునేదాన్ని.

ఇక్కడ నేను చేసిన తెలివైన పని ఒకటి చెప్పాలి. దండకి ధర పెట్టేటప్పుడు నాయనమ్మని అడిగాను. నా మనసులో నల్లపూసల దండకి మూడొందలు. "మూడొందలకి ఇయ్యాలంటే ఆరొందలు చెప్పాల. వాళ్ళు రెండొందలంటారు. మధ్యలో ఎక్కడోకాడ కలుసుకుంటారు. ముందే మూడొందలని చెప్పావనుకో, వాళ్ళు నూటికి అడుగుతారు, నువ్వు ఏడుస్తా కూర్చుంటావు" అంది. నలభై ఏళ్ళు తిరునాళ్ళలో కూర్చున్న మనిషి మాట. పైగా మేమెవ్వరం పుట్టి బుద్ధెరిగాక చెప్పిన ధరకి ఏదీ కొన్నవాళ్ళం కాదు. కాబట్టి మూడు చోట్లా ఆరొందలని రాసి, జనం ఎంతకి అడుగుతారా అని కూర్చున్నాను. వారం గడిచాక బాబాయిని అడిగాను, పెద్ద సైట్లో కొనేవాళ్ళు అడిగే ధర ఎక్కడ కనపడుతుందని. ఆయన ఫోన్ తీసుకుని అటూ ఇటూ జరిపి, "యాడో ఉండే ఉంటది. సెట్టింగుల్లో చూడాల" అన్నాడు. మేమిద్దరం కలిసి మూడు రోజులు సెట్టింగుల్లో వెతికాం.

ఫోటోల యాప్‌లో పరిస్థితి కాస్త నయం. అక్కడ మనుషులు ధర ఎంతని అడిగేవాళ్ళు. ఆరొందలని చెప్పగానే మాట్లాడకుండా వెళ్ళిపోయేవాళ్ళు. నాయనమ్మకి చెబితే ఆవిడ పొంగిపోయింది. "పోతన్నారంటే కొంటారే. కొనేవాళ్ళే నాలుగడుగులు వేసి ఆగుతారు. ఎనకమాలే పిలువు." సరేనని నేను వెనకాలే పిలిచాను. 'రండి అక్కా, మీరెంతకి అనుకుంటున్నారో చెప్పండి, కోపమెందుకు' అని ఒకావిడకి వరసగా నాలుగు మెసేజులు పెట్టాను. ఆవిడ నన్ను బ్లాక్ చేసింది. ఇంకొకావిడ బ్లాక్ చేసేముందు, తనకి కోపం ఏమీ లేదని ఎంతో మర్యాదగా రాసింది. అలా ఆ నెలలో పదకొండు మంది నన్ను వదిలించుకున్నారు. ఒక్క దండా కదల్లేదు. మిరప యార్డుకి వెళ్ళే లారీలు పలచబడుతున్న కొద్దీ నాన్న షెడ్డు నుంచి ముందుగా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. ఆయన బండి చప్పుడు వినగానే నేను ఫోన్ దాచేసి సూది పట్టుకునేదాన్ని.

సీజన్ చివరి వారం, గురువారం పొద్దున, పెద్ద సైటు నుంచి టింగుమంది. ఆర్డరు. హైదరాబాదు నుంచి ఎవరో ఆవిడ, ఐదు వరసల నల్లపూసల దండ, ఆరొందలు. నేను అరుగు మీంచి లేచి గెంతాను. అమ్మ వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చింది. నాయనమ్మ ఒక్కతే కదలకుండా కూర్చుని అడిగింది.

"ఎంతకి అడిగిందే?"

"అడగలా నాయనమ్మా. ఆరొందలకే తీసుకుంది."

"మొదలు ఎంతకి అడిగింది?"

"అసలు అడగనే లేదు. నొక్కింది, తీసుకుంది. అంతే."

నాయనమ్మ చేతిలో పూసలు కింద పెట్టేసింది. "బేరమాడకుండా కొన్నదా? ఆ బిడ్డకి ఏదో కష్టం వచ్చి ఉంటదే. లేకపోతే ఒంట్లో బాగుండి ఉండదు" అంది. అమ్మకి కూడా అనుమానం పట్టుకుంది. మధ్యాహ్నానికి మా ఇంట్లో సంబరం పోయి పరామర్శ వాతావరణం వచ్చింది. చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చే మనిషి ఉంటుందని మా ఎవరికీ తోచలేదు. పార్సిల్ మీద అతికించే చీటీలో ఆవిడ ఫోన్ నంబరు ఉంది. నాయనమ్మ దాన్ని వేలితో చూపించి, "కలుపు. మొదటి బోణీ ఇది. ఆ మనిషి అడగాల, మనం తగ్గించాల, నవ్వుకుంటా పోవాల. నా పేరు చెప్పుకుని నువ్వు మొదటిరోజే ఒకళ్ళని ముంచితే నేనొప్పుకోను" అంది. వద్దని చెప్పే తెలివి నాకు లేదు. ఉన్నా నాయనమ్మకి చెప్పే ధైర్యం లేదు. కలిపి, స్పీకర్ పెట్టాను.

"అమ్మాయ్, నల్లపూసల దండ తీసుకుంది నువ్వేనా?"

"అవునండీ. మీరెవరు?"

"దండ గుచ్చిన పిల్ల నాయనమ్మని. ఆరొందలని రాస్తే ఆరొందలూ ఇచ్చేశావంట. ఎందుకట్టా ఇచ్చావు?"

"మీకేం కావాలండీ?"

"నాకేం వద్దమ్మా. ఎంతకిస్తావని నువ్వు నన్నడుగు. మిగిలింది నీకు ఎనక్కి పంపిస్తాం."

ఎవరో తెలియని మనిషి ఫోన్ చేసి డబ్బులు వెనక్కి పంపిస్తామంటే ఏం చేయాలో ఆ రోజుల్లో బ్యాంకుల వాళ్ళు రోజుకో మెసేజ్ పెట్టి మరీ చెప్పేవాళ్ళు. ఆవిడ అదే చేసింది. "నేను ఓటీపీ చెప్పనండీ" అని ఫోన్ పెట్టేసింది. పది నిమిషాల్లో ఇంకో టింగుమంది. ఆర్డరు రద్దు. దాని వెనకే పెద్ద సైటు వాళ్ళ దగ్గర్నుంచి, కొనుగోలుదారులని ఫోన్లు చేసి ఇబ్బంది పెట్టవద్దని ఒక హెచ్చరిక కూడా వచ్చింది.

నాయనమ్మ మీద నేను గొంతెత్తింది జీవితంలో ఆ ఒక్కసారే. నీ గంప బుద్ధులు నా నెత్తిన రుద్దావని, నీ వల్లే నేను మిల్లుకి పోతున్నానని ఏవేవో అన్నాను. ఆవిడ నాకేసి చూసి, "ఆ ముచ్చట నిజమే గానీ, మూడొందల దండకి ఆరొందలు తీసుకుని గెంతావు చూడు, అది నాకు నచ్చలేదే. నేను ఆరొందలు చెప్పేది మాట్లాడుకోవటానికి. తీసుకోవటానికి కాదు" అంది. నాకు సిగ్గేసింది. సిగ్గుతో పాటు ఏడుపు కూడా వచ్చింది, రెండూ కలిసి అన్నం తినకుండా ముసుగేసుకునేదాకా తీసుకెళ్ళాయి. సాయంత్రం నాన్న వచ్చి సంగతంతా విన్నాడు. తిట్టలేదు. "సోమవారం ఏడింటికి బస్సు. టిఫిన్ డబ్బా కొత్తది కొందాంలే" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

శనివారం మధ్యాహ్నం నా ఫోన్ మోగింది. అదే హైదరాబాదు నంబరు. పోలీసుల దాకా వెళ్ళిందేమో అనుకుంటూనే ఎత్తాను. ఈసారి వేరే గొంతు, పెద్దావిడది.

"మొన్న మా అమ్మాయికి ఫోన్ చేసిన ముసలమ్మ ఉందా?"

"ఉందండీ. తప్పైందండీ, ఆవిడకి తెలవక…"

"తప్పేంది? మాది గురజాల. ఈడికొచ్చి పన్నెండేళ్ళు. ఈ ఊళ్ళో ప్రతిదానికీ ధర చీటీ అంటించి పెడతారు. చూసుకోవటం, ఇచ్చేయటం. నోరు తెరిచే పని లేదు. బేరమాడమని ఫోన్ చేశారని మా అమ్మాయి భయపడతా చెప్తే, రెండు రోజుల నుంచి నాకు నిద్ర పట్టలా. ఇయ్యి ఆమెకి."

ఫోన్ నాయనమ్మ ముందు పెట్టాను. ఆవిడ కొంగు సర్దుకుంది. గొంతు సవరించుకుంది. ఫోన్‌లో కనపడదని తెలిసినా దండని చేతిలోకి తీసుకుని పైకెత్తి పట్టుకుంది.

"ఎంతమ్మా దండ?"

"ఆరొందలు."

ఆరొందలు ఎక్కువని ఉన్న ఒక్క ఆర్డరునీ పోగొట్టిన మనిషి, మళ్ళీ సరిగ్గా ఆరొందల దగ్గరే మొదలుపెట్టింది.

"రెండొందలకియ్యి."

"రెండొందలకి దారం వచ్చిద్ది. పూసలు నువ్వే ఏరుకోవాల."

"మా గురజాల సంతలో నూటాభైకి ఇచ్చేవాళ్ళు."

"అయితే ఆడికే పో. బస్సులున్నాయిగా."

అని నాయనమ్మ ఫోన్‌ని నేల మీద పెట్టేసి మొహం తిప్పుకుంది. అవతల కూడా చప్పుడు లేదు. నేను ఫోన్ అందుకోబోతే చేతి మీద ఒక్కటేసింది. ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు. చివరికి నాయనమ్మే, ఎటో చూస్తూ, "ఉన్నావా?" అంది. "ఉన్నా, యాడికి పోతా" అంది ఆవిడ. ఇద్దరూ నవ్వుకున్నారు. అక్కణ్ణుంచి దండ పక్కకి పోయింది. మోకాళ్ళ నొప్పులకి ఎవరు ఏం రాస్తున్నారు, కోడళ్ళు మాట వింటున్నారా, కోటప్పకొండ తిరునాళ్ళకి ఊరేగించే ప్రభలు ఎప్పటంత ఎత్తు కడుతున్నారా లేదా, అన్నీ అయ్యాయి. మధ్యమధ్యలో ఎవరో ఒకరు ఠక్కున ఒక అంకె వదిలేవాళ్ళు, రెండోవాళ్ళు దాన్ని తోసేసి మళ్ళీ మోకాళ్ళ దగ్గరికి వచ్చేవాళ్ళు. అమ్మ రెండుసార్లు టీ పెట్టింది. ముప్పావు గంట తరవాత మూడొందల పాతికకి తేలింది. కొసరు ఏమిస్తావని ఆవిడ అడిగితే, ఆవిడ మనవరాలి చేతికి ఎర్రపూసల గొలుసు ఒకటి పంపిస్తానంది నాయనమ్మ. "ఓడించావే ముసల్దానా" అంటూ గురజాల ఆవిడ గట్టిగా నవ్వింది. మా నాయనమ్మ మొహం చూడాలి అప్పుడు. మోకాళ్ళు బాగుంటే లేచి ఆడేదే.

ఫోన్ పెట్టేశాక తల తిప్పితే గుమ్మంలో నాన్న. అన్నానికి వచ్చినవాడు, గ్రీజు చేతులు ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుని ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో. చేతులు కడుక్కుని అన్నం తిన్నాడు. మజ్జిగ తాగాడు. నేను తలుపు చాటున నుంచుని, ఇప్పుడు టిఫిన్ డబ్బా సంగతి ఎత్తుతాడేమో అని చూస్తున్నాను. ఆయన ఫోన్ తీసి మిల్లు యజమానికి కలిపాడు. నాకు తెలిసిన మా నాన్న ఎవరి దగ్గరా ఒక మాట ఎక్కువ మాట్లాడడు, అబద్ధం అసలే ఆడడు. "సోమవారం మా పిల్ల రాదండీ," అన్నాడు. అవతలాయన ఎందుకని అడిగినట్టున్నాడు. నాన్న కాస్త ఆలోచించుకుని చెప్పాడు. "మా అమ్మాయికి ఖాళీ లేదండీ."

ఎక్కడ అమ్మాలన్న ప్రశ్న అలా తేలింది. గురజాల ఆవిడ తన అపార్టుమెంటులో ఉన్న మన వైపు వాళ్ళందరికీ నా నంబరు ఇచ్చింది. వాట్సాప్‌లో వీడియో కాల్, ఇటు నాయనమ్మ, అటు వాళ్ళు, మధ్యలో దండ. కొన్నవాళ్ళలో సగం మందికి దండ కంటే ఆ బేరమే ఎక్కువ నచ్చేదని నాకిప్పటికీ అనుమానం. తరవాత్తరవాత నాకు సొంత పేజీ వచ్చింది, మా వీధి ఆడవాళ్ళు నలుగురు నా దగ్గర గుచ్చుతున్నారు, పెద్ద సైటు వాళ్ళు కూడా నన్ను క్షమించారు. ఇప్పుడు అన్నిటికీ చీటీలే, రాసిన ధరే. కొత్తగా మొదలుపెట్టే పిల్లలు ఎక్కడ అమ్మితే మంచిదని అడిగితే, ఆ సైటుకి ఎంత పోతుంది, ఈ యాప్‌లో ఫోటో ఎలా పెట్టాలి అని పెద్దమనిషి తరహాలో గంటసేపు చెబుతాను.

కానీ నాకు గుర్తొచ్చేది మాత్రం ఆ శనివారమే. నిజం చెప్పొద్దూ, ఆ మధ్యాహ్నం పల్నాడు మొత్తం మీద నాకున్నంత ఖాళీ ఇంకెవరికీ లేదు. చేతిలో ఉన్నది ఒకే ఒక్క ఆర్డరు, అదీ అప్పటికే గుచ్చేసి పెట్టిన దండ. అయినా తలుపు చాటున నుంచుని నాన్న మాట విన్న ఆ పిల్ల, అది నిజమేననుకుంది. అయ్యో, ఎంత పని ఉందో అనుకుంటూ గబగబా అరుగు మీదికి పోయి, కళ్ళు తుడుచుకుని, సూదిలోకి దారం ఎక్కించుకుంది.